కొమ్మ మీదా, కొమ్మ కిందా

ఇంటర్లోనో డిగ్రీలోనో జంతుశాస్త్రం చదువుకున్నవారికి రామాపిథెకస్ అన్న పేరు గుర్తుండే ఉంటుంది. మనిషి పుట్టుక గురించిన పాఠంలో వస్తుంది. కొన్ని పుస్తకాలు దాన్ని మనిషికి తొలి పూర్వీకుడన్నాయి. రెండు కాళ్ల మీద నిలబెట్టి బొమ్మ కూడా వేశాయి. మరికొన్ని అది గొరిల్లాలా, చింపాంజీలా నడిచేదన్నాయి. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. ఏది నిజమో తేల్చాలంటే దాని కాలి ఎముకో, చేతి ఎముకో చూడాలి. చిక్కంతా అక్కడే ఉంది. రామాపిథెకస్‌ను రెండు కాళ్ల మీద నిలబెట్టిన రోజుల్లో శాస్త్రవేత్తల దగ్గరున్నవి దవడ ముక్కలు, పళ్లు మాత్రమే. దానివని చెప్పదగ్గ కాలి ఎముక గానీ, చేతి ఎముక గానీ ఒక్కటీ లేదు.

శిలాజాల్లో పళ్లే ఎక్కువ దొరకడానికి కారణం ఉంది. శరీరం మొత్తంలో పంటి మీది పింగాణీ కన్నా గట్టి పదార్థం లేదు. కాళ్లూ చేతుల ఎముకలు అలా కాదు. వాటి కొనలు లోపల మెత్తగా, మూలుగతో నిండి ఉంటాయి. జంతువు చచ్చిపడగానే దుమ్ములగొండి వచ్చి ముందు ఆ కొనలే నములుతుంది. ఏటి ఒడ్డున పడితే మొసలి ఉండనే ఉంది. కీలు ఎలా కదిలేదో చెప్పే భాగాలు అవే, అన్నిటికన్నా ముందు పోయేవీ అవే. అందుకే ఒక చేతి ఎముక, అదీ సగం విరిగింది దొరికినా శిలాజాల శాస్త్రంలో పెద్ద వార్త అవుతుంది. అలాంటి కొన్ని ఎముకలు మనకు ఏం చెప్పాయన్నదే ఇవాళ్టి ప్రసంగం.

ముందు ఈ జంతువులెవరో చెప్పుకుందాం. గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బోనోబో, వీటిని నరవానరాలంటున్నాం. వీటికి తోక ఉండదు. మన దేశంలో ఉన్న నరవానరం హూలాక్ గిబ్బన్ ఒక్కటే, అదీ ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో. మన ఊళ్లలో గోడలెక్కి పెరళ్లు పాడుచేసే కోతులు గానీ, గుళ్ల దగ్గర కనిపించే కొండముచ్చులు గానీ నరవానరాలు కావు. వీటికి తోక ఉంది. అయితే తేడా తోకతో అయిపోదు. అసలు తేడా ఛాతీలో, భుజంలో, మోచేతిలో ఉంది.

మీరు కూర్చున్నచోటే ఒక చెయ్యి నిటారుగా తలపైకి ఎత్తండి. చెవికి ఆనుకునేంతగా ఎత్తగలరు. ఇప్పుడు ఆ చేతిని పక్కకు చాపి గుండ్రంగా తిప్పండి. చుట్టూ తిరుగుతుంది. మోచెయ్యి బిగబట్టి చాపితే చెయ్యి గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. అరచెయ్యి పైకి, కిందికి తిప్పండి. ఏ ఇబ్బందీ లేదు. ఇవన్నీ చేయగలగడానికి కారణం మన పైభాగం కట్టుబడి. ఛాతీ అడ్డంగా వెడల్పు, ముందునుంచి వెనక్కి పలచన. భుజపు రెక్క ఎముకలు వీపు మీద పరుచుకుని ఉన్నాయి. కంటె ఎముక పొడుగ్గా ఉండి భుజాన్ని పక్కకు నెట్టి పట్టుకుంది. భుజం కీలు పక్కకు చూస్తుంది.

ఇక గోడమీది కోతిని చూడండి. దాని ఛాతీ కుక్క ఛాతీలాగే పక్కలనుంచి నొక్కినట్టు ఇరుకు, లోతు ఎక్కువ. రెక్క ఎముకలు పక్కటెముకలకు అటొకటి ఇటొకటి నిలువుగా ఉంటాయి. భుజం కీలు ముందుకి, కిందికి చూస్తుంది. నాలుగు కాళ్ల మీద నడిచే జంతువుకు చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగితే చాలు, పక్కలకు తిరగాల్సిన పని లేదు. దాని మోచేతి మొన మన మొన కంటే పొడుగు. ఎందుకంటే కోతి నిలబడ్డా, నడిచినా మోచెయ్యి కాస్త వంగే ఉంటుంది. వంగిన మోచేతి మీద ఒంటి బరువు ఆపాలంటే దండచేయి వెనక కండరానికి మంచి పట్టు కావాలి. పొడుగు మొన ఆ పట్టు ఇస్తుంది. దానికి మూల్యంగా చెయ్యి పూర్తిగా తిన్నగా రాదు. మనకు మొన పొట్టి, చెయ్యి తిన్నగా వస్తుంది. కొమ్మను పట్టుకుని వేలాడే జంతువుకు కావాల్సింది ఆ తిన్నటి చెయ్యే.

ఇలా చూస్తే మన పైభాగం కోతిది కాదు, నరవానరాలది. గిబ్బన్‌కు ఉన్నదే, ఒరాంగుటాన్‌కు ఉన్నదే, మనకూ ఉంది. ఇది ఎలా వచ్చిందన్న ప్రశ్నకు వందేళ్ల కిందటే ఒక చక్కటి జవాబు వచ్చింది. ఆర్థర్ కీత్ అనే స్కాట్లండ్ వైద్యుడు కుర్రతనంలో సయాం దేశంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, కొంతకాలం వైద్యుడిగా పనిచేశాడు. అక్కడి అడవుల్లో గిబ్బన్లను కోసి పరీక్షించాడు. మన పూర్వీకులు ఒకప్పుడు కొమ్మల కింద చేతులతో వేలాడుతూ తిరిగారని, ఆ వేలాట వల్లే ఒళ్లు నిటారైందని, వెడల్పు ఛాతీ, తిరిగే భుజం, తిన్నటి మోచెయ్యి అన్నీ ఒక్క మూటగా మనకు సంక్రమించాయని ఆయన చెప్పాడు. ఆయనకు ఆధారం బతికున్న జంతువులు. శిలాజాలు అప్పటికి దాదాపు లేవు. మూట మాట వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఆ తర్వాత నేలలోంచి ఎముకలు రావడం మొదలైంది.

ఆ ఎముకల దగ్గరికి వెళ్లేముందు వాటిని చదివే తీరు నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. మొదటిది కీళ్ల ఆకారం. దండచేయి ఎముక కింది కొన మోచేతి కీలులో భాగం. నరవానరాల్లో ఆ కొన బావి గిలకలాగా ఉంటుంది. నడుమ గాడి, రెండు పక్కలా గట్టు. ముంజేయి ఎముక ఆ గాడిలో కూర్చుని పక్కకు జారదు. అందువల్ల చెయ్యి ఏ వంపులో ఉన్నా, ముంజేయి ఎటు తిరిగినా మోచెయ్యి సడలదు. రెండోది నిష్పత్తి. కాలి ఎముకల పొడవు 100 అనుకుని చేతి ఎముకల పొడవు కొలిస్తే మనిషికి 70 పైచిలుకు వస్తుంది. మన ఊరి కోతికి 90 దరిదాపుల్లో, చింపాంజీకి 106 దాకా, ఒరాంగుటాన్‌కు 140 దాకా. అంటే ఒరాంగుటాన్ చేతులు కాళ్లకు దాదాపు ఒకటిన్నర రెట్లు. మూడోది వేళ్లు. కొమ్మను కొక్కెంలా పట్టుకుని వేలాడే జంతువుల వేలి ఎముకలు పొడుగ్గా, అరచేతి వైపు వంగి ఉంటాయి. వంగిన ఎముక మీద ఆ పట్టు తెచ్చే ఒత్తిడి తగ్గుతుంది. నాలుగోది ఎముక గోడ మందం. ఇప్పుడు సీటీ స్కాన్‌తో ఎముకను కొయ్యకుండానే లోపల చూస్తున్నారు.

ఈ మందం సంగతి ఆసక్తికరమైంది. ఎముక రాయి కాదు, బతికినంతకాలం తనమీద పడే బరువుకు తగ్గట్టు మారుతూ ఉంటుంది. 1977లో వెలువడ్డ ఒక పరిశోధనలో వృత్తి టెన్నిస్ ఆటగాళ్ల దండచేయి ఎముకలు కొలిచారు. మగ ఆటగాళ్లలో ఆడే చేతి ఎముక గోడ రెండో చేతి ఎముక గోడ కన్నా దాదాపు 35 శాతం మందంగా ఉంది. ఒకే మనిషి, ఒకే వంశం, ఒకే తిండి. తేడా అంతా పనిలోనే. కాబట్టి ఎముకలో రెండు రకాల సాక్ష్యం కలిసి ఉంటుంది. కీలు ఆకారం ఎక్కువగా వంశం ఇచ్చింది. గోడ మందం, కొంతవరకు వేలి వంపు, ఆ జంతువు తన బతుకులో సంపాదించుకున్నది.

ఇక ఎముకలు. మొదటి మజిలీ కెన్యాలో, విక్టోరియా సరస్సులోని రుసింగా దీవి. 1948లో మేరీ లీకీ అక్కడ ఒక నరవానరం పుర్రె కనిపెట్టింది. దాని వయసు 1.8 కోట్ల సంవత్సరాలు. అప్పట్లో ప్రోకాన్సుల్ అన్నారు. 2015లో రుసింగా జంతువులకు ఎకెంబో అని వేరే పేరు పెట్టారు. 1951లో అదే దీవిలో ఒక చెయ్యి, మరికొన్ని ఎముకలు దొరికాయి. వాటి తరువాయి కథ తవ్వకాల చోట కాదు, మ్యూజియంలో జరిగింది. 1980 ప్రాంతంలో అలన్ వాకర్, మార్టిన్ పిక్‌ఫోర్డ్ నైరోబీ మ్యూజియం సొరుగుల్లో వేరే జంతువుల ఎముకలు వెతుకుతుంటే, వాటి మధ్య అదే జంతువు కాలి ఎముకలూ పాదం ఎముకలూ బయటపడ్డాయి. తవ్వినవాళ్లు అవి నరవానరానివని పోల్చుకోలేక పక్కన పెట్టేశారు. అన్నీ చేర్చేసరికి ఆ కాలపు నరవానరాల్లో అంత నిండైన అస్థిపంజరం మరొకటి లేదు.

అది చూపించిన శరీరం చాలామంది ఊహించింది కాదు. చేతులూ కాళ్లూ ఇంచుమించు సమానం, 100కి 87 దాకా. ఛాతీ ఇరుకు. మణికట్టు దగ్గర చిటికెన వేలు వైపు ముంజేయి ఎముక కోతుల్లోలాగే మణికట్టు ఎముకలకు తగులుతుంది. వేళ్లలో వేలాడే జంతువుల వంపు లేదు. అంటే అది కొమ్మ కింద వేలాడలేదు, కొమ్మ మీద నాలుగు కాళ్లతో నడిచింది. కానీ తోక లేదు. తోక లేకుండా కొమ్మ మీద తూకం ఎలా నిలిపింది? బొటనవేళ్లతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా. దాని చేతి బొటనవేలూ, కాలి బొటనవేలూ బలమైనవి. చూస్తే కోతి, పరీక్షిస్తే నరవానరం. కీత్ మూట ఇక్కడ ఇంకా కట్టలేదన్నమాట. దానికి ఎవరూ నొచ్చుకోలేదు. 1.8 కోట్ల ఏళ్ల కిందటి జంతువు కదా, మూట తర్వాత కట్టి ఉంటారనుకున్నారు.

మూటకు అసలు పరీక్ష మన ఉపఖండంలోనే ఎదురైంది. హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ కొండలున్నాయి. పడమట పాకిస్తాన్‌లో పొట్వార్ పీఠభూమి, ఇటు మన హిమాచల్ ప్రదేశ్‌లో బిలాస్‌పూర్ జిల్లాలోని హరితల్యాంగర్, ఇవన్నీ ఆ రాతి పొరలే. హిమాలయాలనుంచి దిగిన నదులు కోటికి పైగా ఏళ్లపాటు మోసుకొచ్చి పేర్చిన మట్టి. 1910లో గై పిల్‌గ్రిమ్ అక్కడి ఒక నరవానరానికి శివాపిథెకస్ అని పేరు పెట్టాడు. 1932లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్ హరితల్యాంగర్‌లో ఒక పైదవడ ముక్క సంపాదించి 1934లో రామాపిథెకస్ అన్నాడు. మరో రకానికి సుగ్రీవపిథెకస్ అని కూడా పెట్టాడు.

1960ల్లో ఎల్విన్ సైమన్స్, ఆ తర్వాత ఆయనతో పాటు డేవిడ్ పిల్బీమ్ రామాపిథెకస్ దవడను మనిషి వంశంలో చేర్చారు. చిన్న కోరపళ్లు, పొట్టి మొహం అన్నది వాదం. కోరలు చిన్నవైతే చేతులతో పనిముట్లు వాడి ఉండాలి, చేతులు ఖాళీగా ఉండాలంటే రెండు కాళ్ల మీద నడిచి ఉండాలి అని తర్కం సాగింది. పన్ను నుంచి చేతికి, చేతి నుంచి కాలికి! 1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని ప్రోటీన్లు పోల్చి, మనిషీ చింపాంజీ విడిపోయి 50 లక్షల ఏళ్లే అయిందన్నారు. అంతకు రెట్టింపు కంటే పాతదైన రామాపిథెకస్ మనిషి వంశం కావడం అసాధ్యమన్నారు. ఎముకల శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు.

ఒప్పించింది పిల్బీమ్ బృందమే. పాకిస్తాన్ భూగర్భ సర్వేతో కలిసి పొట్వార్‌లో ఏళ్ల తరబడి వెతికిన ఆ బృందం, శివాపిథెకస్ ముఖం దాదాపు మొత్తం ఒకటి సంపాదించి 1982లో ప్రకటించింది. ముక్కు మొదట్లో దగ్గరదగ్గరగా ఉన్న కళ్లు, నిలువుగా పొడుగైన కంటిగుంతలు, పుటాకారంగా లోపలికి వంగిన ముఖం, ముందుకు పొడుచుకొచ్చిన పైదవడ. పక్కన ఒరాంగుటాన్ పుర్రె పెడితే ఎవరైనా అక్కాచెల్లెళ్లనే అంటారు. రామాపిథెకస్ ఆడ శివాపిథెకస్ అని తేలింది. మనిషి వంశవృక్షంలోంచి ఆ పేరు తొలగిపోయింది. ఒరాంగుటాన్‌కు పూర్వీకుడు దొరికాడన్నారు. తాము ఒకప్పుడు చెప్పిన మాటను తామే కొత్త ఆధారంతో తీసేసుకోవడం ఆ రంగంలో అరుదైన పెద్దరికం. పిల్బీమ్ ఆ పని చేశాడు.

కథ ఇక్కడితో ముగిస్తే ఎంతో పొందికగా ఉంటుంది. ఒరాంగుటాన్ ముఖం ఉంటే ఒరాంగుటాన్ చేతులూ ఉండాలి కదా. బతికున్న జంతువుల్లో ఒరాంగుటాన్ అంతగా చెట్లకు అంటిపెట్టుకున్న పెద్ద జంతువు లేదు. నాలుగు కాళ్లనూ చేతుల్లా వాడుతుంది. దాని తుంటి కీలు మన భుజం కీలంత సులువుగా తిరుగుతుంది. కాబట్టి శివాపిథెకస్‌ను కూడా కొమ్మల కింద వేలాడదీసి బొమ్మలు వేయవచ్చు.

1990లో అదే పిల్బీమ్ బృందం 'నేచర్' పత్రికలో రెండు దండచేయి ఎముకలు ప్రకటించింది. రెండూ పొట్వార్‌వే, శివాపిథెకస్‌వే. కింది కొన చూస్తే అచ్చం నరవానరం. ముందు చెప్పుకున్న ఆ గిలక, ఆ గాడి, ఆ గట్లు. అక్కడినుంచి పైకి పోతే మాట మారిపోయింది. ఒరాంగుటాన్ దండచేయి ఎముక నిటారు, గుండ్రం. ఈ ఎముకల పై సగం వెనక్కి వంగి ఉంది. భుజం కండరం అతుక్కునే చోట ముందువైపు బల్లపరుపుగా ఉంది. ఇవి నాలుగు కాళ్ల మీద నడిచే కోతుల గుర్తులు. ఒకే ఎముకలో కింది కొన ఒక వంశం, పై సగం మరో బతుకు.

ఒక ఎముక ఎలాగో అలా వంకర పోయిందేమోనని అనుకోవడానికీ వీల్లేకపోయింది. శివాపిథెకస్ కాలి బొటనవేలు ఎముకలు గట్టివి, బలమైన పట్టున్నవి. ఒరాంగుటాన్‌కు కాలి బొటనవేలు చిన్నది, బలహీనమైంది. 2015లో మిషెల్ మోర్గన్, ఇతరులు 1.2 కోట్ల ఏళ్ల నాటి ఒక తుంటి ఎముకను వివరించారు. బతికున్న పెద్ద నరవానరాల తుంటి ఎముక వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, పైనున్న వెడల్పు ఛాతీకి జతగా. శివాపిథెకస్ తుంటి ఇరుకు. అంటే ఛాతీ కూడా ఇరుకే అయి ఉండాలి. చెయ్యి చెప్పిన మాటనే తుంటి కూడా చెప్పింది. ఆ జంతువు ఎక్కువగా కొమ్మ మీద నడిచింది, ఎక్కింది, పట్టుకుంది. కొమ్మ కింద దాని బతుకు గడిచినట్టు లేదు. మణికట్టు ఎముకల్లోని కొన్ని ఆనవాళ్లు చూసి, గొరిల్లా చింపాంజీల్లా వేలి కణుపులు ఆనించి నడిచిందేమో ఆలోచించాలన్న పరిశోధకులూ ఉన్నారు. వాళ్లు కూడా ఒరాంగుటాన్ వేలాటను దానికి అంటగట్టలేదు.

ఇప్పుడు రెండే దారులు. ఒకటి, ముఖం పోలిక పైపైది. శివాపిథెకస్‌కూ ఒరాంగుటాన్‌కూ చుట్టరికం లేదు, ముఖం విడివిడిగా అలా తయారైంది. రెండోది, చుట్టరికం నిజమే. కానీ ఒరాంగుటాన్ చేతులు ఆ ముఖం వచ్చాక తర్వాతెప్పుడో వచ్చాయి. రెండోదే నిజమైతే కీత్ మూట విడిపోతుంది. ఎందుకంటే ఒరాంగుటాన్ వంశం, ఆఫ్రికా నరవానరాల వంశం అప్పటికే వేరుపడ్డాయి. అప్పటికి ఒరాంగుటాన్ వైపు జంతువు ఇంకా కొమ్మ మీద నడుస్తుంటే, వేలాడే శరీరం ఉమ్మడి పూర్వీకుడి నుంచి అందరికీ పంచిపెట్టిన ఆస్తి కాదు. ఎవరికి వారు విడిగా సంపాదించుకున్నదే. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇవాళ శివాపిథెకస్‌ను ఒరాంగుటాన్ వైపే ఉంచుతున్నారు, చేతుల విషయంలో మాత్రం ఇబ్బందిగానే ఉంచుతున్నారు.

ఈ రెండో దారికి స్పెయిన్ నుంచి బలం వచ్చింది. బార్సిలోనా దగ్గర కాన్ మాటా అనే చోట చెత్త పోసే స్థలం దగ్గర 2002లో ఒక నరవానరం ఎముకలు బయటపడ్డాయి. సాల్వడోర్ మోయా-సోలా బృందం 2004లో దానికి పియెరోలాపిథెకస్ అని పేరు పెట్టింది. వయసు సుమారు 1.2 కోట్ల సంవత్సరాలు, శివాపిథెకస్‌కు సమకాలీనం. ఎనభైకి పైగా ఎముకలు, ముక్కలు. పక్కటెముకల వంపు చూస్తే ఛాతీ వెడల్పు. నడుము వెన్నుపూస చూస్తే ఒళ్లు నిటారు. మణికట్టులో చిటికెన వేలు వైపు ఎముక వెనక్కి తగ్గింది. ఇంతవరకు కీత్ మూటే. కానీ వేళ్లు పొట్టివి. వేలాడే జంతువుకు ఆ వేళ్లు చాలవు. అంటే ఈ జంతువు మానును కావలించుకుని నిటారుగా ఎక్కేది. ఒళ్లు నిటారవడానికి ఎక్కడమే చాలింది, వేలాడక్కర్లేదు.

అదే కాటలోనియాలో కాన్ లియోబతెరెస్ అనే చోట 96 లక్షల ఏళ్ల నాటి హిస్పానోపిథెకస్ దొరికింది. దానికి చేతులు పొడుగు, వేళ్లు పొడుగు, వంపు స్పష్టం. కొమ్మ కింద వేలాడిందనడంలో తగాదా లేదు. ఇటలీలో 1958లో బాచినెల్లో అనే ఊరి బొగ్గు గనిలో స్విట్జర్లండ్ శాస్త్రవేత్త యోహానెస్ హ్యూర్ట్‌సెలర్ ఒరియోపిథెకస్ అస్థిపంజరం బయటికి తీశాడు. బొగ్గు పొరల బరువుకు అణిగి పలచబడి ఉంది. దాని వయసు 70, 80 లక్షల ఏళ్లు. చేతులు కాళ్లకన్నా పొడుగు, ఛాతీ వెడల్పు. అది రెండు కాళ్ల మీద నడిచిందని 1997లో ఒక వాదం వచ్చింది, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. 2019లో జర్మనీ నుంచి డానువియస్ అనే మరో జంతువు మీద అలాంటి వాదమే వచ్చింది, దాన్నీ ప్రశ్నించారు. నడక విషయంలో వాదాలు ఎంత త్వరగా పుడతాయో, అంత నెమ్మదిగా తెగుతాయి.

వీటన్నిటినీ వరసలో పెడితే మూట మెల్లగా విప్పుకుంటుంది. తోక ముందే పోయింది, ఎకెంబో నాటికే. గిలక లాంటి మోచెయ్యి శివాపిథెకస్‌కు ఉంది, వెడల్పు ఛాతీ లేదు. వెడల్పు ఛాతీ పియెరోలాపిథెకస్‌కు ఉంది, పొడుగు వేళ్లు లేవు. పొడుగు వేళ్లు హిస్పానోపిథెకస్‌కు వచ్చాయి. నరవానర శరీరం ఒక్కసారి దిగిన బొమ్మ కాదు. ఒక్కో భాగం ఒక్కో అవసరానికి, ఒక్కో కాలంలో, కొన్నిసార్లు ఒకటికి రెండు వంశాల్లో విడివిడిగా తయారైంది. కాబట్టి చింపాంజీనో, ఒరాంగుటాన్‌నో చూపించి 'మన పూర్వీకులు ఇలా ఉండేవారు' అనడానికి వీల్లేదు. చింపాంజీ కూడా మనలాగే ఇవాళ్టి జంతువు, మనలాగే మారుతూ వచ్చింది. శివాపిథెకస్‌లా కదిలే జంతువు ఇవాళ భూమ్మీద ఒక్కటీ లేదు. అందుకే దాని నడక ఊహించడం అంత కష్టం. కొలబద్దలన్నీ బతికున్న జంతువులవే, కొలవాల్సింది చచ్చిపోయిన జంతువు కదలికను.

ఎముకలకు ఇంకో హద్దు ఉంది. అదీ చెప్పుకోకపోతే ఈ మాటలు ఏకపక్షం అవుతాయి. ఉగాండాలో ట్వా అనే అడవి జాతివారు తేనె కోసం చెట్లెక్కుతారు. 2013లో వెలువడ్డ ఒక పరిశోధనలో వాళ్ల పాదం చీలమండ దగ్గర ఎంత వంగుతుందో కొలిచారు. మామూలు మనిషికి సాధ్యంకానంతగా పాదాన్ని కాలి ముందువైపుకు వంచి, మానుకు ఆనించి ఎక్కుతారు. పొరుగున వ్యవసాయం చేసుకునే వాళ్లకు అంత వంపు లేదు. తేడా పరిశోధకులు కనుగొన్నది ఎముకల్లో కాదు, పిక్క కండరం పోగుల్లో. పోగులు పొడుగు. మన తెలంగాణలో, ఆంధ్రలో మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ తాటిచెట్లెక్కే గీత కార్మికుల్ని తలచుకోండి. లక్ష ఏళ్ల తర్వాత ఒక గీత కార్మికుడి చీలమండ మాత్రమే ఎవరికైనా దొరికితే, ఈ మనిషి నేలమీద నడిచినవాడేనని రాస్తారు. అందులో తప్పూ ఉండదు, నిజం అంతా ఉండదు కూడా. జంతువు చేయలేనిదాన్ని ఎముక గట్టిగా చెబుతుంది. చేయగలిగి, నిజంగా చేసిందో లేదో మాత్రం కొంతే చెబుతుంది. తిన్నగా రాని మోచెయ్యిని చూసి వేలాడలేదనవచ్చు. తిన్నగా వచ్చే మోచెయ్యిని చూసి వేలాడిందని తీర్పు చెప్పలేం.

ఇక మన వైపు సంగతి. 2020లో జమ్మూలోని రామ్‌నగర్ దగ్గర దొరికిన ఒక శిలాజాన్ని ప్రకటించారు. పేరు కపి రామ్‌నగరెన్సిస్, వయసు సుమారు 1.3 కోట్ల సంవత్సరాలు. గిబ్బన్ల వంశానికి చెందిన శిలాజాల్లో ఇదే అతి పాతదని దాన్ని ప్రకటించినవాళ్లు అన్నారు. ఇవాళ్టి గిబ్బన్‌ను మించి చేతులతో ఊగుతూ పోయే జంతువు లేదు. ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ అందుకునేలోగా గాలిలో తేలిపోతుంది. కాబట్టి ఈ వార్త చదవగానే రామ్‌నగర్ అడవిలో కొమ్మనుంచి కొమ్మకు ఊగే కపి బొమ్మ మనసులో మెదులుతుంది. పత్రికల్లో అలాంటి బొమ్మలు వచ్చినా ఆశ్చర్యం లేదు. అయితే దొరికింది ఒక్క దవడపన్ను. శివాపిథెకస్ ముఖాన్ని చూసి దాని చేతులు ఊహించినవాళ్లకు ఏమైందో మనం ఇప్పుడే చెప్పుకున్నాం. పన్ను వంశం చెబుతుంది, తిండి చెబుతుంది. అక్కడితో దాని అధికారం ముగుస్తుంది. కపి ఊగిందా, నడిచిందా అన్నది చెప్పాల్సింది ఒక మోచేతి ముక్కో, ఒక వేలి ఎముకో. శివాలిక్ పొరల్లో మన వైపు దొరికినవి చాలావరకు దవడలు, పళ్లే. జమ్మూలోనూ హిమాచల్‌లోనూ వెతుకుతున్న మన భూగర్భ శాస్త్రవేత్తల చేతికి ఒక దండచేయి ఎముక, కనీసం సగం, వచ్చేదాకా కపి బొమ్మ గీసేవాళ్లు చేతుల దగ్గర కుంచె ఆపడమే మర్యాద.